ఆరింటిలోగా ఒక సంతకం

ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా లిడియా రెండు కాగితాల కట్టల మీద రెండు అరచేతులూ ఆనించి కూర్చుంది, కుడిచేతి కింద ఒకటి, ఎడమచేతి కింద ఒకటి, గోడ గడియారం అయిదూ పది చూపిస్తోంది, ఆరింటిలోగా ఈ రెంటిలో ఏదో ఒకదాని మీద సంతకం పెట్టాలి, పెట్టకపోతే రేపు మధ్యాహ్నం రెండింటికి పంచాయతీవాళ్ళు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చి, చేపల చెరువు గట్టు పక్కన తన ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డుకి తాళం వేసి సీలు కొట్టి పోతారు. ఎనిమిదేళ్ళుగా నలభై మంది ప్రార్థన చేసుకుంటున్న షెడ్డు అది. చెరువుల్లో వలలు లాగేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు, చేపల ట్రేలు మోసేవాళ్ళు, ఆదివారం లారీ లోడయి వెళ్ళిపోయాక స్నానాలు చేసి తెల్లబట్టలు కట్టుకుని వచ్చేవాళ్ళు, ఎంత రుద్దుకున్నా మేత వాసన పోక ఒకళ్ళకొకళ్ళు అలవాటు పడిపోయినవాళ్ళు. వాళ్ళందరి తరఫునా ఈ ఏలూరు పవరుపేటలో ఒక లాయరు గారి మేడమీద, పెన్ను మూత తీసి పెట్టి, తీసినది మళ్ళీ పెట్టి, ఇదిగో ఇలా కూర్చుంది తను.

కుడిచేతి కిందిది గట్టిదన్నాడు అనిల్ కుమార్ గారు. లాయరు మనిషి నిదానం, రోజూ తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చి పోతుంటాడు, అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగినా విసుక్కోడు, అదే ఇప్పుడు లిడియాకి ప్రాణం మీదకొచ్చింది, విసుక్కుంటే తనూ నాలుగు మాటలని లేచి వెళ్ళిపోయేది. "ఇందులో నాలుగో నంబరు చూడండమ్మా. నేను క్రైస్తవురాలిని, నా ఇంటి ఆవరణలో నా తోటి విశ్వాసులతో ప్రార్థన చేసుకోవడం రాజ్యాంగం నాకిచ్చిన హక్కు, పంచాయతీ ఆ హక్కుకి అడ్డొస్తోంది అని ఉంది. మీరు సంతకం పెడితే ఆరింటిలోగా కంప్యూటర్లో పంపేస్తాను, ఆరు దాటితే రేపటికి తీసుకోరు. రేపు హైకోర్టు తెరవగానే మావాళ్ళు అడుగుతారు, స్టే వస్తుందనే నా నమ్మకం. ఎడమచేతి కిందిదాంట్లో ఆ మాట తీసేశాను. నా స్థలంలో కొందరు ప్రార్థన చేసుకుంటారు, నాకు అభ్యంతరం లేదు, అంతే ఉంది. అప్పుడది రేకుల షెడ్డు కేసవుద్ది గాని మతస్వేచ్ఛ కేసు అవదండి. ప్లానుందా, పర్మిషనుందా అంటారు, వాయిదా వేస్తారు, ఈలోగా తాళం పడిపోద్ది." ఇంకేం, కుడిచేతి కిందిది పెట్టేస్తే పోలా అనుకుంది తను. అప్పుడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కాని ఆ నాలుగో నంబరు మీద సంతకం పెట్టిన క్షణం నుంచీ మీ ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లదమ్మా. పంతొమ్మిది వందల యాభై నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. క్రైస్తవులైతే ఎస్సీలు కారు. మీదే కాదు, దాన్ని పట్టుకుని మీ అమ్మాయిదీ లాగుతారు" అన్నాడు.

అమ్మాయిదీ లాగుతారు. చొక్కా పట్టుకుని లాగినట్టు చెప్పాడు ఎంత తేలిగ్గానో. కూతురు ఇందుకి గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు పోస్టు వచ్చింది, లిస్టులో పేరు పడింది, ఎస్సీ కోటాలోనే, ఈ పొద్దున్నే సర్టిఫికెట్ల వెరిఫికేషన్, అదేమయిందో ఇంకా తెలీదు. ఆరేళ్ళు తాడేపల్లిగూడెంలో ప్రైవేటు ఆసుపత్రిలో వాళ్ళు పెట్టిన డ్యూటీలన్నీ చేసి, బస్సులో నిలబడి చదువుకుని, మూడోసారికి కొట్టింది పిల్ల. వెరిఫికేషన్ అవగానే తిన్నగా డ్యూటీకి పోయింది, ఫోను లాకర్లో పెట్టాలి, అయిదున్నరకి టీ టైములో తీస్తుంది. అందుకే ఈ కూర్చోడం. అది దాని బతుకు, దాని మాట వినకుండా సంతకం పెట్టడానికి తనెవరు, కన్నంత మాత్రాన సరిపోద్దా. చేపల లారీ తోలుకుని హౌరా పోయిన మొగుడికి ఫోను చేస్తే ఒరిస్సాలో ఎక్కడో టోలుగేటు దగ్గర ఉన్నాను, నీ ఇష్టం అన్నాడు. మగాళ్ళకి భలే మాట అది. నీ ఇష్టం అని చేతులు దులుపుకోవచ్చు, రేపు తేడా వస్తే నీ ఇష్టమేగా అనొచ్చు.

అసలు తప్పంతా తనదే, ఒప్పుకోవాలి, షెడ్డు వేసి ఎనిమిదేళ్ళయినా కాకి కూడా అడగలేదు. ఇంట్లో మీటరు నుంచి వైరు లాగితే ఎండాకాలం ఫ్యాన్లకి ఫ్యూజు కొట్టేస్తోందని, వేరే మీటరుకి అర్జీ పెట్టింది కదా, ఆ అర్జీలో ఏ అవసరానికి అని ఒక గడి ఉంది. ఆ గడిలో ప్రార్థన మందిరం అని గుండ్రటి అక్షరాలతో రాసింది. పుట్టి బుద్ధెరిగాక ప్రభుత్వం కాగితం మీద తను రాసిన మొదటి నిజం అది. ఇరవై రోజులు తిరక్కుండానే నోటీసు. పంచాయతీ సెక్రటరీ భానుప్రకాష్ తనే స్వయంగా తెచ్చాడు, కుర్రాడు మంచివాడు, చెప్పులు బయట విడిచి వచ్చి, మంచినీళ్ళడిగి తాగి, "ఏమనుకోకండక్కా, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లండి. అనుమతి లేని మత కట్టడం అని పడిపోయిందండి. పశువుల పాక అని రాసుంటే అయిపోయేదండి, నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణి కదండి" అన్నాడు. ఎస్సైగారు కూడా మర్యాదస్తుడే. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసుకోండమ్మా, దేవుడు అన్ని ఇళ్ళలోనూ ఉంటాడు కదా అన్నాడు. దేవుడెక్కడుంటాడో ఎస్సై చెప్పడం మొదలుపెట్టాక ఇంక పాస్టరు గారెందుకు. ఒళ్ళు మండిపోయింది తనకి, అయినా సరేనండి అంది. ఈ గోదారి జిల్లాల్లో ఇదొక ఖర్మ, పీక మీద కాలేసేవాడు కూడా అండీ అంటాడు, పీక కిందున్నవాళ్ళు కూడా అండీ అంటారు.

పక్కన బల్ల మీద మార్తమ్మ కొంగులో మరమరాలు పోసుకుని ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, పెదపాడు దాకా ఆటోలో, అక్కడ్నించి బస్సులో తనతోపాటు వచ్చింది, వద్దంటే వినదు. పిల్లల్లేరు, మొగుడు చిన్నప్పుడే పోయాడు, లిడియా పెళ్ళయి ఆ గట్టు మీదికి కాపురానికొచ్చిన రోజు నుంచీ ఈ ముసల్దే అమ్మా, అత్తా. వండుకునేటప్పుడల్లా ప్రతి ఇంటి ఆడదీ దేవుడి పేర ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆ డబ్బాలన్నీ శుక్రవారం శుక్రవారం ఇల్లిల్లూ తిరిగి గోతాంలో గుమ్మరించుకొచ్చేది మార్తమ్మే. షెడ్డు రేకులు ఆ బియ్యమే, ఇనప గొట్టాలు ఆ బియ్యమే. పోయిన వరదలో ఇళ్ళల్లో నీళ్ళొచ్చి పొయ్యిలు మునిగి పస్తున్న రెండు రోజులూ కూడా, వండింది లేకపోయినా తడిసిన గింజలే ఒక గుప్పెడు పక్కన పెట్టి, ఆరబెట్టి మరీ ఇచ్చింది ముసల్ది. "ఏమే లిడియా, ఇంకా పెట్టలేదేంటే ఆ సంతకం? అరిగిపోద్దా ఏంటి పెన్ను?" అంది మరమరాలు నములుతూ. "ఇందూ ఫోను చెయ్యాలి పిన్నీ" అంది తను. "దానికీ దీనికీ ఏంటే సంబంధం" అనబోయి, తన మొహం చూసి ఆగిపోయింది ముసల్ది.

సంబంధం ఏంటో ఈవిడకి ఎలా చెప్పేది, ఎక్కణ్ణించి మొదలుపెట్టేది. పెదపాడు బడిలో ఆ రోజు నుంచా? అయిదేళ్ళుంటాయి తనకి, నాన్న వేలు పట్టుకుని హెడ్మాస్టరు గారి బల్ల ముందు నిలబడింది, కొత్త గౌను గరగరలాడుతోంది. పేరేంటయ్యా అన్నాడాయన. లిడియా అండి. ఆయన పెన్ను ఆపి నాన్న వంక చూసి, గొంతు తగ్గించి, మంచికే చెప్పాడు పాపం, "ఆ పేరు రాస్తే మతం కూడా రాయాలి, రేపు హాస్టలు సీటు రాదు, స్కాలర్‌షిప్పు రాదు, ఆలోచించుకో" అన్నాడు. నాన్న ఆదివారం సంఘంలో నిలబడి వాక్యం చదివే మనిషి, అక్షరం తప్పు పోనివ్వడు. ఆయన గోడకేసి చూశాడు. గోడ మీద ఎరువుల కొట్టువాళ్ళ క్యాలెండరు, దాని మీద లక్ష్మీదేవి బొమ్మ. "లక్ష్మీకుమారి అని రాయండి బాబూ. హిందూ అనే రాయండి." అలా అంటూ తన చెయ్యి ఎంత గట్టిగా నొక్కాడంటే ఏడుపొచ్చింది, నాన్నా నా పేరు అది కాదు కదా అని అక్కడే అడిగితే ఇంకా గట్టిగా నొక్కాడు. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదని అమ్మ చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

అప్పట్నించీ ఇద్దరు మనుషులు. రేషను కార్డులో, ఆధార్‌లో, ఇంటి పట్టాలో లక్ష్మీకుమారి, హిందూ ఎస్సీ. వంటింట్లో, పెళ్ళిలో, బాప్తిస్మంలో లిడియా. పేటలో అందరూ అంతే, ఒక్కళ్ళని అనడానికి లేదు, రెండు పేర్లూ ఎప్పుడు ఏది పలకాలో నాలుగేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. ఇందు పుట్టినప్పుడు మాత్రం తను మొండికేసింది, నా బిడ్డకి ఒకటే పేరుండాలి, రెండు పక్కలా సరిపోయేది, ఎవరడిగినా ఒకటే చెప్పుకునేది, అని వారం రోజులు వెతికి వెతికి పెట్టింది ఆ పేరు. ఎంత తెలివైన దాన్ననుకుంది. పేరొకటే అయింది, గడులు రెండు అలాగే ఉన్నాయి. పేట మొదట్లో విగ్రహం చేతిలో పుస్తకం ఉంటుంది కదండీ, అందులో ఏ మతమైనా నమ్ముకోవచ్చని ఉందంటారు కదండీ అని మధ్యాహ్నం లాయరుగారిని అడిగింది తను. ఉందమ్మా అన్నాడు. మరి నమ్ముకున్నానని చెబితే పిల్ల నోటి దగ్గర కూడు ఎందుకు పోతుందండీ. పుస్తకం వేరమ్మా, ఉత్తర్వు వేరు అన్నాడు. ఆ వేరు ఏంటో ఎవరూ చెప్పరు. బడికెళ్ళి చదువుకుంటే మాల మాదిగ అని దూరంగా కూర్చోబెట్టినవాడు, నువ్వే దేవుడికి దణ్ణం పెడుతున్నావని అడిగి కూర్చోబెట్టాడా? చేలో నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసినవాళ్ళు బాప్తిస్మం అయ్యిందని చెంబు చేతికిచ్చారా? ఒక్కళ్ళూ ఇవ్వలేదు. ఆ మాట నాలుగో నంబరులో రాయమంటే రాస్తుంది తను, పది కాగితాలు రాస్తుంది.

పెట్టెయ్యాలి. కుడిచేతి కిందిదే పెట్టెయ్యాలి. ఒక్కసారైనా, యాభై ఏళ్ళు మీద పడ్డాకైనా, ఒక ప్రభుత్వం కాగితం మీద నేను ఇదీ అని ఉండాలి. అలా అనుకుని పెన్ను ఎత్తేసరికి కళ్ళముందు ఇందు, తెల్లటి యూనిఫారంలో బస్టాండులో అరటిపండు తింటూ పుస్తకం తిరగేస్తున్న ఇందు. దాని రెక్కల కష్టాన్ని తీసుకెళ్ళి తన ఆత్మగౌరవం కింద పెట్టెయ్యడానికి ఎంత స్వార్థం ఉండాలి. పోనీ ఎడమచేతిది పెడితే? తాళం. నలభై మంది. వాళ్ళలోనూ ప్రతి ఇంట్లో ఒక పిల్ల హాస్టల్లో, ఒక పిల్లాడు కాలేజీలో, అందుకే ఒక్కళ్ళూ పేరివ్వలేదు, నోటీసు వచ్చిందీ తన పేరునే. కింద రోడ్డు మీద రైల్వే గేటు పడినట్టుంది, ఆటోలన్నీ ఒకటే హారన్లు. అయిదూ ఇరవై అయిదు. ఇరవై ఆరు. టైము చూస్తుంటే కదలదు, చూడకపోతే పరిగెడుతుంది.

అయిదూ ముప్పై నాలుక్కి ఫోను మోగింది. దాని స్పీకరు పాడైపోయి ఏడాదయింది, చెవి దగ్గర పెట్టుకున్నా గదంతా వినపడుతుంది, బాగు చేయించుకోవాలని అనుకుంటూనే ఉంది. "అమ్మా, అయిపోయింది" అంది ఇందు. గొంతులో సంతోషం లేదు, లిడియాకి అది ముందు తెలిసింది. "అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. తర్వాత నాకూ ఇంకో అమ్మాయికీ మాత్రం ఒక కాగితం ఇచ్చారు. ఏదో కంప్లయింట్ వచ్చిందంట. ఏ దేవుడికి మొక్కుతావమ్మా అని అడిగారు. మేము హిందూ మతమే ఆచరిస్తాం, మా ఇంట్లో ఎవరూ చర్చికి వెళ్ళరు అని సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టమన్నారు." లిడియా పెన్నుకి మూత పెట్టేసింది. "రాశానమ్మా. ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా రాయాలన్నారు. నాన్న పేరు రాశాను. నీ పేరు రాశాను. అబద్ధమని తేలితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా పెడతామన్నారు." అవతల ఎవరో సిస్టర్ అని పిలుస్తున్నారు. "నేను తప్పు చేశానా అమ్మా? నువ్వు కోర్టు కాగితం మీద సంతకం పెట్టేశావా?" ఒక్క క్షణం లిడియాకి ఆ పెదపాడు బడి గదిలో నాన్న చెయ్యి తగిలింది, ఆయన అప్పుడెందుకంత గట్టిగా నొక్కాడో ఇప్పుడు తెలిసింది. "ఇంకా లేదు. నువ్వేం తప్పు చెయ్యలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నావా?" అంది. లేదంది పిల్ల. "ముందు ఏదన్నా తిను" అని ఫోను పెట్టేసింది.

ఏడవకూడదనుకుంది గాని ఏడ్చింది. కుడిచేతి కింది కట్ట తీసి మడిచి బల్ల చివర పెట్టింది, ఇప్పుడు దాని మీద సంతకం పెడితే పిల్ల ఉద్యోగం కాదు, పిల్లే పోతుంది. లోపలి గదిలోంచి లాయరుగారు వచ్చి నిలబడ్డాడు, ఆయనకీ అంతా వినపడినట్టే ఉంది. "రెండోదే పెడతానండి. తాళం పడితే పడనివ్వండి, మా ఖర్మ" అంది. ఆయన గడియారం చూసి టేబులు మీద కాగితాలు సర్దాడు. అప్పుడు మార్తమ్మ కొంగులో మిగిలిన మరమరాలు మూట కట్టి బొడ్లో దోపుకుని, బల్ల మీంచి లేచి, "బాబూ, దేవుణ్ణి కొలిచేవాళ్ళే రాయాలన్నారు కదా, నేను కొలుస్తాను కదా, నా పేరు రాయి" అంది.

లాయరుగారు ముసలమ్మని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "మీకు ఎస్సీ సర్టిఫికెట్టు ఉందా మామ్మగారూ?" "నాకెందుకు బాబూ, నేనేం పరీక్ష రాశాను." "మీ మీద ఆధారపడినవాళ్ళు?" "ఒక పిల్లి ఉంది." ఆయన నవ్వలేదు, గబగబా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నోటీసు అందుకున్న స్థలం యజమాని ఒకరు, అక్కడ ప్రార్థన హక్కు పోతోందని చెప్పే విశ్వాసి ఒకరు, ఇద్దరూ కలిసి వేస్తే నిలబడుతుంది, బాగా నిలబడుతుంది, నాకే తట్టలేదు చూడండి అంటూ టైపు కొడుతున్నాడు. సగంలో ఆపి, మొహం ఇటు తిప్పకుండానే, "అమ్మాయి అక్కడ రాసిచ్చిందానికీ దీనికీ తేడా రాకూడదు. నాకు తెలిసింది నేను రాయనమ్మా, మీరు చెప్పిందే రాస్తాను. మామ్మగారూ, ఈ స్థలం యజమాని మీ సంఘంలో మనిషేనా?" అన్నాడు.

"ఎవరు, ఈవిడా?" అంది మార్తమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒసే, ఏమే అన్న నోరు. ఒక్కసారి కూడా లిడియా వైపు చూడలేదు. "లక్ష్మీకుమారిగారు మావాళ్ళు కారు బాబూ. హిందువులండి. పాపం మంచి మనిషి, జాగా ఉంది కదా వాడుకోండి అన్నారు. లోపలికి ఎప్పుడూ రారండి." ఎప్పుడూ రారండి. పసుపు దంచే రోలు దగ్గర పచ్చి బాలింతగా తనని కూర్చోబెట్టి ప్రార్థన చేయించిన మనిషి, దేవుడి బియ్యంలో పురుగు పడితే అది దాచడం కూడా అబద్ధమేనని సంఘం ముందు ఒప్పుకున్న మనిషి, కోర్టు కాగితం మీద ప్రమాణం చేసి చెబుతోంది. లిడియాకి ఆ పాదాల మీద పడాలనిపించింది, నోరు మూయించాలనీ అనిపించింది. కాదండీ, నేను వాళ్ళ మనిషినే, ఈవిడ పక్కన కూర్చుని ప్రార్థించే విశ్వాసిని అని చెప్పబోయి, ఇందు రాసిచ్చిన కాగితం గుర్తొచ్చి, పెన్ను మూత తీసింది. టైపు చప్పుడు ఆగింది. కాగితాలు వెచ్చగా బయటికొచ్చాయి.

మార్తమ్మ వేలిముద్ర వేసింది. లిడియా లక్ష్మీకుమారి అని సంతకం పెట్టింది, మూడు చోట్ల. అయిదూ యాభై మూడుకి లాయరుగారు వాటిని పంపేసి, వెళ్ళాయి అని చెప్పి, వెళ్ళిపోబోతున్న ఇద్దర్నీ గుమ్మం దగ్గర ఆపాడు. "ఇంకోమాట అమ్మా. మీ మీద ఫిర్యాదు చేసినవాళ్ళు ఊరుకోరు, ఎవరినో పెట్టి వీడియోలు తీయిస్తారు. కేసు తేలేదాకా మీరు ఆ షెడ్డులో అడుగు పెట్టకూడదు. ఆదివారాలు, పండగలు, ఏదీ లేదు." ఎన్నాళ్ళండీ అని అడిగింది తను. చెప్పలేనమ్మా, ఏళ్ళు పట్టొచ్చు అన్నాడు. మార్తమ్మ తల దించుకుని ఇంకు అంటిన బొటనవేలు కొంగుకి తుడుచుకుంటోంది, ఎంత తుడిచినా పోవడం లేదు.

"మా వంటింటికీ షెడ్డుకీ మధ్య ఒక్క గోడేనండి" అంది లిడియా. "అన్నీ వినపడతాయండి. నా ఇంట్లో నేను నిలబడి వింటే తప్పు లేదు కదండీ?"

చట్టంలో ఎక్కడన్నా ఉందేమో అన్నట్టు ఆయన పుస్తకాల బీరువా వైపు చూశాడు.

"వినండమ్మా" అన్నాడు. "గొంతు మాత్రం కలపకండి."